గణపురం చెరువు దాక రెండు సైకిళ్లు

జఫర్‌గఢ్ మండలంలో ఒక ఊరు. ఈసారి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది కనుక పెద్దింటివాళ్లు పెద్దకొడుకు మహీధర్ భార్య శ్రీలత చేత నామినేషన్ వేయించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వరండాలో రెండు సైకిళ్లు. వాటి దగ్గర చిన్నకోడలు అరుణ, ఆమె భర్త సుదర్శన్.

"నేను ముట్టలేదంటున్న గద, ఎన్నిసార్లు చెప్పాలె?"

"ముట్టకపోతె సీటు దానంతటదే కిందికి దిగిందా అరుణా? రాత్రి నేనే బిగించిన, నా నడుం ఎత్తుల. ఇప్పుడు చూడు, ఏడున్నదో."

"నాకు నా సైకిలున్నది. మీది నాకెందుకు? ఆ నడిమి రాడ్డు దాటుడే నాకు కష్టం."

"మరి టైర్లకు ఈ ఎర్రమట్టి?"

"నిన్న చెరువు కట్ట మీదికి మీరే పోయిన్రు."

"వచ్చినంక కడిగిన. బట్ట పెట్టి తుడిచిన గూడ."

"ఇంట్ల ఒక్క గిన్నె కడుగరు, సైకిల్‌కు మాత్రం స్నానం చేపిస్తరు."

"మాట మార్చకు."

"మీరు తాళం ఎయ్యరు. నాది చూడండి, తాళమేసి చెవి కొంగుకు కట్టుకున్న. ఎలక్షన్ల ఊరు, ఇంట్లకు వచ్చెటోళ్లు పోయెటోళ్లు. ఏ యాకయ్యనో పాంప్లెట్లు పంచనీకి తీస్కపోయిండొచ్చు."

"యాకయ్య నాకన్న జానెడు పొడుగు. వాడు తొక్కితె సీటు మీదికి లేపుతడు. కిందికెందుకు దించుతడు?"

"అయితె పొట్టోళ్లను ఎతుక్కోండి. నాతోని పంచాయితి ఎందుకు? పొద్దుగాల బయలెల్లాలె. పంక్చర్ సామాను బ్యాగుల పెట్టిన్రా?"

"పెడుత."

"నిన్న గూడ పెడుతనే అన్నరు. ఏందండి, ముఖం గట్ల పెట్టిన్రు?"

"ఏం లే. అన్న మాట్లాడాల్నన్నడు."

"దేని గురించి?"

"ఏమో."

"మీరు ఏమో అన్నరంటె మీకు మొత్తం తెలిసినట్టే."

"చాయ్ తెచ్చిన. సుదర్శన్, నీది చక్కెర తక్కువ. టైం ఎంతయింది?"

"రెండున్నర దాటింది వదినా. ఏంది, తిన్న కాన్నుంచి టైమే అడుగుతున్నవ్?"

"ఊకెనే."

"పొద్దుగాల దవాఖానకు పోయినవ్ గద, బీపీ ఎంతున్నది?"

"చూపించలే. ఇప్పుడైతె మంచిగనే ఉంటది. ఇగో, మీ అన్న గూడ వచ్చిండు."

"టైం అడుగదా మరి? క్యాండేటు గద, టెన్షన్ ఉంటది. మూడింటికి నామినేషన్ వాపసులు బంద్. బరిల ఉన్నదెవరు, గుర్తేంది, అన్ని అప్పుడే తేలుతయి. యాకయ్యను ఆఫీసు కాడనే కూసోబెట్టిన. అరుణా, జర కూసో."

"నిలబడే ఇంట బావ. చెప్పండి."

"రేపటి మీ టూరు గురించి."

"ఆపుమంటరు, గంతే గద?"

"ఆపుమంటలేను. జరుపుమంటున్న. ఎలక్షనయినంక పోండి. చెరువులు ఎటన్న పోతయా?"

"చెరువులు పోవు బావ, నీళ్లు పోతయి. మీ బిడ్డ అక్షిత పదో తరగతి అన్నరు, ఆగిన. అత్తమ్మ కండ్ల ఆపరేషనన్నరు, ఆగిన. పోయినేడు పత్తి ఏరుడు. ఇప్పుడు ఎలక్షన్. ఎలక్షనయినంక ప్రమాణం, ప్రమాణమైనంక దావత్, దావతయినంక ఎండకాలం. అప్పుడు పోయి బురద చూసి రావాల్నా?"

"ఎటెటు పోతరు అరుణా?"

"నీకెందుకే శ్రీలతా?"

"ఊకెనే అడిగిన."

"దంతాలపల్లి మీదికెల్లి పోయి, మానుకోట దాటి, బయ్యారం పెద్దచెరువక్కా. తెల్లారి గంగారం అడవి. అటెన్క లక్నవరం, రామప్ప. ఆఖరుకు భూపాలపల్లి దిక్కు గణపురం చెరువు. ఒక కట్ట దిగుడు, పొలాల నడిమిట్ల పోవుడు, ఇంకో కట్ట ఎక్కుడు. నడుమ ఏ చుట్టపోళ్లింటికి పోయేది లేదు, ఎవ్వరి వంటింట్ల అడుగు పెట్టేది లేదు."

"దంతాలపల్లిల మా అమ్మగారింటి ముందటికెల్లి పోతె మావోళ్లు ఊకుంటరా? దిగుమంటరు, తినుమంటరు, పండుకోమంటరు. దిగకపోతె పదేండ్లు అంటరు."

"అదే నా రందక్కా. మొఖానికి కండువ కట్టుకోని దాటుదామనుకున్నం."

"ఊర్లెకెల్లి పోకు. బడి ఎనుక కాలువ ఎంబడి తొవ్వున్నది, చింతచెట్ల కింద. హైస్కూలుకు సైకిల్ మీద గదే తొవ్వ పోయేదాన్ని."

"నీకు సైకిలొస్తదా అక్కా!"

"ముప్పై ఏండ్ల కిందటి మాట అరుణా. ఇప్పుడు బండి ఎనుక కూసుంటెనే నా అంగి పట్టుకోని దేవునికి మొక్కుతది. శ్రీలతా, నువ్వు నడుమ మాట్లాడకు. అసలు ముచ్చటకొస్త. ఆదివారం మీరు తండా దిక్కు పోయిన్రా?"

"కట్ట ఎంబడి పోతుంటె తండా తగిలింది బావ. నీళ్లు తాగినం."

"తండాకెల్లి జైసింగ్ ఫోన్ చేసిండు. తండా తండంత ఒకటే మాటట, సైకిలక్కకు ఓటేస్తమని."

"ఏ సైకిలక్క?"

"నువ్వే."

"నేనేంది? నిలబడ్డది అక్క గద."

"వాళ్లకేం తెలుసు? పెద్దింటి ఆడామె, క్యాండేటు అనుకున్నరు. కార్ల రాలేదట, మందితోని రాలేదట. చెమటలు కారంగ సైకిల్ మీదొచ్చి, వాళ్లింట్ల చెంబెత్తి నీళ్లు తాగిందట. మురికినీళ్ల మోరీ నిండి వాకిట్లకొస్తున్నదంటె పోయి ఒంగి చూసిందట."

"చూడుమన్నరు, చూసిన."

"అదే గద కావాల్సింది! మేమెన్ని జీపులు తిప్పినా రాని పేరు."

"నేను చెరువు చూడనీకి వచ్చిననే చెప్పిన బావ. నవ్విన్రు. నీళ్లు చూడనీకి ఎవరన్న వస్తరా అక్కా, గుర్తేందో చెప్పు అన్నరు."

"మంచిగన్నరు."

"మరి మీరు మొన్న ఏమన్నరు? సైకిళ్లు ముందట పెట్టొద్దు, పటేల్ కారమ్ముకున్నడని ఊరనుకుంటది, బర్రెల కొట్టంల పెట్టుమన్నరు. మీ సంజీవ మామైతె నన్ను పక్కకు పిలిచి, బిడ్డా ఏమన్న ఇబ్బందుంటె మా దగ్గర దాచకండి, రెండు బస్తాల బియ్యం పంపుత అన్నడు."

"మొన్నటి మాట మొన్నటిది. ఇప్పుడు ముందటనే ఉండాలె. ఇగ ఇను. రేపటికెల్లి నువ్వు తండాలు, వాడలు తిరుగుతవ్. ముందట నువ్వు సైకిల్ మీద. ఎనుక నేను ఓపెన్ జీపుల. నా ఎనుక యాకయ్య మైకు."

"అక్కో?"

"శ్రీలత ఇంటికాడుంటది. వచ్చెటోళ్లకు చాయ్ పొయ్యాలె గద."

"క్యాండేటు చాయ్ పోస్తది, నేను సైకిల్ తొక్కుత, మీరు జీపుల నిలబడుతరు. ఇంతకు సర్పంచ్ ఎవరు బావ?"

"మనమే."

"ఫ్లెక్సీ గూడ గట్లనే కొట్టిచ్చిన్రు. మీ ఫొటో నిలువెత్తు, అక్కది స్టాంపంత."

"ఆమెకు మంచి ఫొటో ఏడున్నది? పెండ్లి ఫొటోలకెల్లి కత్తిరించిన."

"అందుకే మెడల దండున్నది. కొత్తోళ్లు చూస్తె, అయ్యో పాపం ఆమె పోయింది, ఆమె పేరు మీద ఆయన నిలబడ్డడు అనుకుంటరు."

"నవ్వకు సుదర్శన్. దాంట్ల నవ్వేదేమున్నది?"

"నేను నవ్వలే అన్నా. పొలమారింది."

"టైం ఎంతయింది?"

"మూడింటికి ఇంకా పావుగంటున్నది వదినా."

"అయితె ఇంకొంచెం చాయ్ పోస్త."

"అక్కా, పోసుడాపు, ఒక్క మాట చెప్పు. నీకు నిలబడాలని ఉన్నదా?"

"ఉండకేంది?"

"బావ, నేను అక్కనడిగిన."

"ఆమె దిక్కుకెల్లి నేను చెప్పిన. ఆమెకు కష్టమేంది? తిరుగుడు నాది, ఖర్చు నాది, ఆఫీసుల పని నాది. ఆమె చేసేది సంతకం ఒక్కటే."

"సంతకం ఒక్కటేనా?"

"గంతే శ్రీలతా. భయపడకు. ఒక్క సంతకం."

"సరె."

"చూసినవా అరుణా? ఆమెకు లేని బాధ నీకెందుకు? అవతల ఉన్నదెవరు? ఉమారాణి. జాకెట్లు కుట్టెటామె. ఆమెను వాపస్ తీసుకొమ్మని కబురు పంపిన. ఆలోచించి చెప్త అన్నదట. తీసుకుంటది. తీసుకోక ఏం చేస్తది?"

"ఆ తండా మోరీ కాడ నాకన్న ముందు ఆమెనే ఉండె బావ. కొంగు దోపుకోని కట్టెతోని చెత్త గుంజుతున్నది. ఆమె ఎనుక జీపు గూడ లేదు."

"అందుకే ఆమెకు జాకెట్లియ్యొద్దన్న. ఈ ఇంట్ల నా మాట ఎవరన్న ఇంటున్నరా?"

"ఇన్నందుకే గద నా జాకెట్ ఒక్క చెయ్యితోని ఆమె దగ్గర ఆగిపోయింది."

"అరుణా, అన్న అంటున్నడు గద, జర..."

"ఆయన అంటున్నడు, నేను ఇంటున్న. మీరేమంటరు?"

"ఊరు మొత్తం అన్న దిక్కు చూస్తున్నది. గియ్యాళ తమ్ముడు, మరదలు చెరువుల పొంటి తిరుగుతున్నరంటె..."

"పోదామన్నది మీరు. సైకిళ్లు కొన్నది మీరు. నాకు నేర్పింది మీరు. రెండుసార్లు కాలువల పడేసింది గూడ మీరే."

"అంటున్న గద, ఎలక్షనయినంక..."

"మీ ఆఖరు మాట చెప్పండి."

"నేనైతె ఆగుత. అన్నను ఇడిసిపెట్టి పోలేను."

"ఖాయమా?"

"ఖాయమే."

"అయితె నీ సైకిల్ ఖాళీనేనా సుదర్శన్?"

"ఖాళీనే వదినా. ఎందుకు?"

"ఊకెనే."

"సరె, మీరాగండి. నేను ఒక్కదాన్నే పోత."

"ఒక్కదానివా? గంగారం అడవిల?"

"అడవిల బస్సు తిరుగుతది బావ, ఊర్లున్నయి, మనుషులున్నరు."

"అసలు ఏమున్నది అరుణా ఆ చెరువులల్ల? నీకు నీళ్లే చూడాల్నంటె, నేను సర్పంచయినంక మన కట్ట మీద సిమెంటు బెంచి ఏపిస్త. పోయి కూసో."

"బెంచి మీద కూసుంటె పిలుస్తరు బావ. ఈ ఇంటికొచ్చిన కాన్నుంచి నేను ఎక్కడికి పోయినా పెండ్లికి పోయిన, పురుడుకు పోయిన, దినాలకు పోయిన. పోయిన కాడల్ల కొంగు దోపుకోని వంటకు దిగిన. పని లేకుండ ఒక తొవ్వ పట్టుకోని పోవుడు ఎట్లుంటదో నాకు తెల్వది. ఆదివారం కట్ట మీద గాలి ఎదురొస్తున్నది, కొంగలు లేస్తున్నయి. గంటసేపు నన్ను ఎవ్వరు పేరు పెట్టి పిలువలే. అరుణా చాయ్ అనలే, అరుణా తువ్వాల అనలే. నాకు గది కావాలె. ఇంకేం వద్దు."

"అక్కా, కొంగుతోని కండ్లెందుకు తుడుచుకుంటున్నవ్?"

"ఏం గాలె. పొగ తగిలింది."

"వరండాల పొగేంది వదినా?"

"తాగు సుదర్శన్. చల్లారుతది."

"ఏందిర లొల్లి? జరసేపు కన్నంటుకోనియ్యరు!"

"ఏం లేదమ్మా, నువ్వు పండుకో. అరుణా, ఇగ నేను ఎక్కువ మాట్లాడ. ఇంటి పరువుది. రేపు నీ సైకిల్ తండాకు పోతది. గణపురం పోదు. అర్థమైందా?"

"ఎలక్షన్ లేకుంటె పోవచ్చునా బావ?"

"లేకుంటె ఎటన్న పో. ఉన్నది గద! ఇంతకు నా ఫోనేది? యాకయ్య ఇంకా చెయ్యలేదేంది?"

"లోపట చార్జింగ్ పెట్టిన."

"ఎప్పటికెల్లి?"

"మీరు తిననీకి కూసున్నప్పటికెల్లి. సౌండ్ బంద్ చేసిన, అత్తమ్మ పండుకున్నదని."

"ఎలక్షన్లప్పుడు ఫోన్ సౌండ్ బంద్ చేస్తరా ఎవరన్న? తే, జల్ది తే!"

"మూడు దాటిందా సుదర్శన్?"

"దాటింది వదినా. పది నిమిషాలయింది."

"అయితె తెస్త."

"ఈమెకు టైం పిచ్చి పట్టుకున్నది... ఆఁ, ఇటియ్యి. అబ్బో, ఎన్ని మిస్సుడు కాల్స్! ఆఁ యాకయ్యా! చెప్పు. చార్జింగ్ల ఉండె. ఏంది? నిమ్మలంగ చెప్పు. ఏంది? ఏకగ్రీవమా! నిజంగనా? ఆగాగు, లైన్ల ఉండు, ఇంట్లోళ్లకు చెప్పనీ. సుదర్శన్! ఏకగ్రీవం! అమ్మా, బయటికి రా! ఒకరు వాపస్ తీసుకున్నరట, ఒక్కలే మిగిలిన్రట!"

"ఏందిర మహీధర్? ఎవరికేమైంది?"

"గెలిచినమమ్మా! ఓట్లు లేవు, ఏం లేవు, ఊకెనే గెలిచినం!"

"శ్రీలత గెలిచిందా?"

"అదేనమ్మా, మనం. నేను చెప్పలే? ఆ ఉమారాణికి నేను కబురు పంపితె ఉంటదా? ఇగ చూడు, మండలంల నాదే మాట!"

"అన్నా, ముందుగాల యాకయ్య చెప్పేది మొత్తం..."

"చెప్తడు, చెప్తడు. ఎటు పోతడు? తమ్మీ, నోరు తీపి చేసుకుందాం, చక్కెరన్న తెప్పియ్యి."

"బావ, అయితె ప్రచారం లేదు గద ఇగ."

"ఎక్కడి ప్రచారం!"

"నేను రేపు పోవచ్చా?"

"పో! నాలుగొద్దులు గాదు, వారం పో. రామప్ప పో, గణపురం పో, అటెన్క గోదారి దాక పో. ఈ మహీధర్ వద్దనడు!"

"నేను గూడ పోనా?"

"నువ్వా శ్రీలతా? హహ్హ! పో, నువ్వు గూడ పో. నీకిక్కడ పనేమున్నది? ప్రమాణం నాటికి రా, సంతకానికి."

"నిజంగంటున్నరా?"

"అమ్మ ముందట చెప్తున్న, పొమ్మని. ఇంకేం కావాలె?"

"అత్తమ్మా, ఇన్నరా?"

"ఇన్న బిడ్డా. పొమ్మన్నడు."

"అన్నా, అట్లయితె నేను గూడ రేపు..."

"ఆగు తమ్మీ, యాకయ్య లైన్లున్నడు. ఆఁ యాకయ్యా! డప్పులోళ్లకు చెప్పినవా? మన వాకిట్లకు తోలియ్యి. ఏంది? మోగుతున్నయా? ఎక్కడ? ఉమారాణి ఇంటి ముందట ఎందుకు మోగుతయిర? వాపస్ తీసుకున్నామెకు డప్పులెందుకు? ఆఁ? మళ్ల చెప్పు. ఏమంటున్నవ్ర నువ్వు? తాగినవా? ఎవరొచ్చిన్రు? పొద్దుగాలనా? ఎలక్షన్ సార్ చెప్పిండా? సారు సరిగ్గనే చూసిండా? ఒక్కతే వచ్చిందా? దేని మీదొచ్చింది? ... సైకిల్ మీదనా? అరుణా!"

"నేను గాదు బావ! నేను పొద్దటికెల్లి ఇంట్లనే ఉన్న. నా సైకిల్ తాళం గూడ తియ్యలే. ఇగో, చెవి కొంగుకే ఉన్నది."

"నువ్వు గాకపోతె ఈ ఇంట్ల సైకిల్ తొక్కే ఆడామె ఇంకెవరున్నరు?"

"అన్నా... నా సైకిల్ సీటు..."

"నీ సీటు సంగతి తర్వాత మాట్లాడుదాం ర!"

"అత్తమ్మా, మీరు గూడ ఇనండి. ఆయనన్నట్టే చేసిన, వాపస్ కాగితం మీద ఒక్క సంతకమే పెట్టొచ్చిన. అరుణా, నీ డ్రెస్సు అడుగకుండ ఏసుకున్న, ఉతికి దండెం మీద ఆరేసిన, పొద్దుగాల్లకు ఆరుతది. సుదర్శన్, ఆ సీటు గట్లనే ఉండనీ. మళ్ల లేపకు."